జల్లెడ నీలం

ఏ జల్లెడా పూర్తిగా శుభ్రపడదు. మా ప్రయోగశాలలో చేరిన ప్రతి మనిషికీ మొదటి రోజు చెప్పే మాట అది. చమురు బావి లోతుల్లోంచి తెచ్చిన మట్టిని జల్లెడలో పోసి కడిగితే మట్టి కరిగిపోయి, ఇసుక రేణువులంతటి గుల్లలు మిగులుతాయి. ఎంత తోమినా ఒకటో రెండో తీగల సందుల్లో ఇరుక్కునే ఉంటాయి. అవి తరవాత పోసిన మట్టిలో కలిశాయంటే ఏ గుల్ల ఏ కాలానిదో తేల్చడం ఎవరి తరమూ కాదు. అందువల్ల ఒక మట్టికీ మరొక మట్టికీ నడుమ జల్లెడను నీలిరంగు నీళ్ళలో ముంచి తీస్తారు. పాత గుల్ల ఇరుక్కుని ఉంటే దానికి నీలం పడుతుంది. ఏరేవాళ్ళు నీలం చూడగానే దాన్ని పక్కకు నెట్టేస్తారు. తప్పు జరగకుండా ఆపలేమని ముందే ఒప్పుకుని, జరిగిన తప్పుకు రంగు పూసే పద్ధతి ఇది. ఇంతకు మించి నిజాయితీ గల ఆలోచనను నేను చదివిన పెద్ద పుస్తకాల్లో కూడా చూడలేదు.

నేను చెప్పబోయేది 1954 నాటి వానకాలం సంగతి. ట్రినిడాడ్ దక్షిణాన, మరబెల్లాలో రైలు పట్టాలకు ఇవతల ఉండేవాళ్ళం. కొండ మీది చమురు కంపెనీ ప్రయోగశాలలో నేను బొమ్మలు గీసేవాణ్ణి. నా భార్య ఫిలోమెన్ గుల్లలు ఏరేది.

ఆ గుల్లలు ఒకప్పుడు సముద్రంలో బతికిన జీవులవి. ఒంట్లో ఉండేది ఒక్కటే కణం. అయినా చుట్టూ సున్నపు గోడ కట్టుకుని, పెరిగిన కొద్దీ గది పక్కన గది చేర్చుకుంటూ పోతాయి. చచ్చాక గుల్ల సముద్రపు అడుగుకు చేరుతుంది. అక్కడి బురద కాలక్రమాన రాయి అవుతుంది. ఏ గుల్ల దొరికిందో చూసి ఆ రాయి వయసు చెప్పవచ్చు, వయసును బట్టి చమురు ఇంకెంత లోతున ఉందో అంచనా వేయవచ్చు. కంపెనీకి అంతవరకే కావాలి. ఊళ్ళో వాళ్ళకు అవి 'పురుగులు'. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన మా పెద్ద, డాక్టర్ జుమ్‌స్టైన్‌కు మాత్రం అవే లోకం.

ఫిలోమెన్‌కు అప్పటికి యాభై రెండేళ్ళు. తడి కుంచె మొనతో ఒక్కొక్క గుల్లనూ లేపి నల్లటి పలక మీద వరుసగా అమర్చడం ఆమె పని. పంతొమ్మిదేళ్ళు అదే కుర్చీలో కూర్చుంది. వాటి లాటిన్ పేర్లు ఆమె పలికే తీరుకు డాక్టర్ నవ్వుకునేవాడు గాని, పేరు తప్పని ఎన్నడూ అనలేదు.

జూన్ రెండో వారంలో ఒక ఉదయం ఆమె మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండానే పిలిచింది.

"డాక్టర్, ఒకసారి ఇటు రండి. దీని నోరు ఉండాల్సిన చోట లేదు."

డాక్టర్ వచ్చి, వంగి, చాలాసేపు చూశాడు. గుల్లలోని ప్రాణి బయటికి చేతులు చాపుకునే రంధ్రాన్ని మేము నోరు అంటాం. ఏ గుల్ల ఏ కుదురుదో తేల్చేది ముఖ్యంగా అదే.

"ఏ మట్టి ఇది?"

"అడుగుది. ఎనిమిదివేల అడుగులు దాటాక వచ్చింది."

"ఆ లోతులో ఇలాంటిది ఉండకూడదు, మేడమ్."

"ఉండకూడదనే నేనూ అనుకున్నా. అది మన మాట వినలేదు."

ఆ వారంలో అదే మట్టిలో మరో రెండు దొరికాయి. మూడింటికీ నోరు ఒకే చోట, ఒకే తీరు. డాక్టర్ పుస్తకాలన్నీ తిరగేశాడు. ఇది కొత్త జాతి కాదు, ఏకంగా కొత్త ప్రజాతి అన్నాడు. జాతి అంటే ఇంట్లో మరొక బిడ్డ, ప్రజాతి అంటే మరొక ఇల్లు. దానికి పేరు పెట్టి, లక్షణాలు రాసి, బొమ్మలతో అచ్చువేయాలి. మధ్యాహ్నం మా అందరినీ పిలిచి, టోపీ తీసి, ఆ పేరు బయటపెట్టాడు: ఫిలోమెనెల్లా.

మొదట మాట్లాడినవాడు జగ్రూప్. జల్లెడలు కడిగేవాడు, నోటికి అడ్డూ ఆపూ లేనివాడు.

"ఆ మట్టి కడిగింది నేను, నడుం విరిగింది నాది. పేరు మాత్రం ఆవిడది! జగ్రూపెల్లా అంటే ఎంత బావుండేది!"

"బావుంటుంది. విరేచనాల మందులా," అంది ఫిలోమెన్.

"మీది మాత్రం తక్కువా? నడుం నొప్పికి రాసే తైలంలా లేదూ?"

ఆ రోజు ఆమె నవ్వినంతగా తరవాత నవ్వలేదు.

మా ప్రయోగశాలకు రెండు తలుపులు. ముందు తలుపు స్టాఫ్‌ది. కడుగుడు షెడ్డు పక్కన వెనక తలుపు, మా వంటి రోజువారీ వాళ్ళది. వ్యాసం అచ్చయిన నాడు ఫిలోమెన్‌ను స్టాఫ్‌లోకి తీసుకునేలా డాక్టర్ మేనేజర్‌ను ఒప్పించాడు. ఇంటికి నడుస్తూ ఆమె ఒక మాట అంది: "రోజువారీ మనిషికి చూపు తగ్గితే వారం నోటీసు. స్టాఫ్ మనిషికి చూపు తగ్గితే కళ్ళజోడు." హాస్యానికి అందనుకున్నాను.

ఇంట్లో మాతో పాటు ఆమె పిన్ని ఉండేది. మా దీవిలో పిన్నినీ అత్తనూ తాంతీ అనే అంటాం. తాంతీ ఉర్సులాకు డెబ్బై ఎనిమిదేళ్ళు. వార్త విని ముక్కు మీద వేలేసుకుంది.

"బతికున్న ఆడదాని పేరు చచ్చిన పురుగుకు పెడతాడా మీ తెల్లోడు? మా కాలంలో పడవకు పెట్టేవాళ్ళు, మేకకు పెట్టేవాళ్ళు. మేకైతే పాలన్నా ఇచ్చేది."

"దీని పేరు పుస్తకాల్లో ఉంటుంది తాంతీ. నేను పోయాక కూడా."

"నీ పేరు సమాధి మీద కూడా ఉంటుందిలేవే. తొందరేం?"

గీసే పని నాది. ఒక ప్రజాతిని లోకానికి చూపించేటప్పుడు మూలనమూనా అని ఒక్క గుల్లను ఎంచుకుంటారు. దాన్ని ముందు, వెనక, అంచు, మూడు వైపులా గీయాలి. మైక్రోస్కోప్‌కు అమర్చిన చిన్న అద్దం గుల్ల నీడను కాగితం మీద పడవేస్తుంది. ఆ నీడ వెంట పెన్సిల్ నడిపించి, తరవాత సిరాతో చుక్కలు పెట్టుకుంటూ పోతాను. ఒక వైపుకు నాలుగు రోజులు పట్టేది. ఆ వానకాలంలో నా చేతికి తొందర లేదు.

ఆ నెలల్లోనే జగ్రూప్ నా చొక్కాల మీద పడ్డాడు. "ఇవాళ వాన రాదర్రా, ఆకాశం మన గదిలోకొచ్చి కూర్చుంది!" అనేవాడు నేను రాగానే. తెల్ల చొక్కాలు ఉతికేటప్పుడు పెట్టే నీలిమందు కాస్త ఎక్కువవుతోందని నాకూ తెలుసు. ఇంటావిడ చేతిలో ఏదో ఒకటి ఎక్కువ కావడం, మగవాడు దాన్ని తొడుక్కుని తిరగడం లోకంలో కొత్త కాదు.

జూలై నడుమ ఒక బుధవారం, రెండు వానల మధ్య గట్టి ఎండ వచ్చింది. మూడో వైపు గీయడం మొదలుపెట్టాను. మా గదుల్లో దీపాలు పసుపు కాంతివి. గీసేవాడికి పగటి వెలుగు కావాలి కాబట్టి నా బల్ల ఒక్కటే కిటికీ పక్కన ఉండేది. గుల్లను నీటిబొట్టుతో తడిపాను. తడిపితే దాని గోడలు గాజులా తేటపడి లోపలి గదులు కనిపిస్తాయి. కుంచె మొనతో మెల్లగా పక్కకు తిప్పాను.

చుట్టు మధ్యన బొడ్డులాంటి గుంట ఉంటుంది. ఆ గుంట అడుగున నీలం ఉంది.

మిగతా రెండింటినీ తడిపి చూశాను. వాటిలోనూ ఉంది.

డాక్టర్ చూడలేదా అంటే, చూశాడు. ఇరవైసార్లు చూశాడు. కాని ఆయన నోటిని చూశాడు. పసుపు దీపం కింద, కావలసినదాన్నే చూశాడు. అందుకు ఆయనను తప్పుపట్టే స్థితిలో నేను లేను. నెల రోజులుగా రెండు వైపులు గీసింది నేనే.

నీలం ఉందంటే ఆ మూడూ ఆ లోతువి కావు. అంతకు ముందు కడిగిన పైమట్టివి. తీగల్లో ఇరుక్కుని, రంగు పులుముకుని, తమది కాని కాలంలోకి జారిపడ్డాయి. అంతవరకు నాకు వెంటనే అర్థమైంది. అర్థం కానిది మరొకటి. నీలాన్ని ఏరి పారేయడంలో ఈ దీవిలో ఫిలోమెన్‌ను మించినవాళ్ళు లేరు. మూడుసార్లు ఎలా వదిలేసింది?

పలకకు మూత పెట్టి, తలనొప్పి అని చెప్పి, వానలో ఇంటికి వచ్చేశాను.

శనివారం పొద్దున పెరట్లో ఆమె బట్టలు ఉతుకుతోంది. మెట్ల మీద తాంతీ ఉప్పుచేప ముళ్ళు తీస్తోంది. నేను తలుపు దగ్గర నిలబడి టీ తాగుతున్నాను. ఫిలోమెన్ తొట్టిలో నీలిమందు మూట ముంచి పిండింది. నీళ్ళలోకి చూసింది. మళ్ళీ ముంచి పిండింది. మళ్ళీ చూసింది.

"చాల్లేవే పిల్లా! వాడి చొక్కాలు ఉతుకుతున్నావా, సముద్రానికి రంగేస్తున్నావా?"

"ఇంకా పట్టలేదు తాంతీ."

తాంతీ చేతిలోని ముల్లు చేతిలోనే ఆగిపోయింది. నావైపు చూసింది. తొట్టిలో నీళ్ళు సిరాలా ఉన్నాయి.

ఫిలోమెన్ మూడోసారి మూట ముంచింది.

నేను టీ తాగడం పూర్తిచేశాను. కప్పు కడిగి బోర్లించాను. భోజనంలో చేప బాగుందని నేనన్నాను, ఉప్పు ఎక్కువైందని తాంతీ అంది.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక వెనక వరండాలో కూర్చున్నాం. రేకుల మీద వాన సన్నగా పడుతోంది. తాంతీ లోపల జపమాల పట్టుకుని నిద్రపోతోంది.

"బొమ్మ ఎంతవరకు వచ్చింది?" అని అడిగింది ఫిలోమెన్.

"రెండు వైపులు అయ్యాయి."

"మూడో దాంట్లో ఏముంది?"

"ఏముంటుంది?"

"బుధవారం నుంచి నువ్వు తినడం లేదు ఓస్మండ్, కంచంలో దారులు గీస్తున్నావు. మూడో దాంట్లో ఏముందని అడుగుతున్నా."

"బొడ్డులో నీలం ఉంది, ఫిలో."

ఆమె వానవైపు తిరిగింది.

"మూడింటికీనా?"

"మూడింటికీ."

ఆమె అంది: "నాకు ఫిబ్రవరి నుంచి."

"ఏమిటి?"

"నీలం పోయింది. మీ చెల్లెలింటికని చెప్పి శాన్ ఫెర్నాండోలో కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాను. శుక్లాలట, రెండు కళ్ళకీ. ముదిరితే గాని కొయ్యరట. అప్పటిదాకా అన్నీ టీ డికాషన్‌లోంచి చూసినట్టుంటాయి, నీలమే ముందు పోతుంది అన్నాడు. బాగా రంగు పట్టినవి నల్లగా కనిపిస్తాయి, తోసేస్తాను. కొంచెంగా పట్టినవే…"

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వేం చేస్తావు? ఆ నిజాయితీ మొహం ఒకటి పెట్టుకుని నా చుట్టూ తిరుగుతావు. అది చూసి ఊరందరికీ తెలిసిపోతుంది."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నీ బొమ్మ నల్ల సిరాతోనేగా?"

"నల్ల సిరాతోనే."

"అచ్చయ్యేది?"

"నలుపే."

వాన కాస్త పెరిగింది. ఆమె లేచి, తడుస్తున్న కుర్చీని గోడవైపు జరిపింది.

"అయితే గీసెయ్," అంది.

అబద్ధం అనేది నోటితో చెప్పేది అని నేను అంతవరకు నమ్మాను. కళ్ళు చూసినది చూసినట్టు గీసి, గీయడానికి వీలులేని ఒక్కదాన్ని వదిలేస్తే, ఆ వదిలేసినది ఎవరిది? సిరాదా? నాదా? ఆ వారమంతా ఈ ప్రశ్న నా పక్కనే కూర్చుంది. అది జవాబు కోసం కాచుకుని లేదు. నేను అలసిపోవడం కోసం కాచుకుని ఉంది. నేను గీశాను. నా చేతికి తెలిసినది ఒక్కటే, ఉన్నదాన్ని ఉన్నట్టు గీయడం. ఆ మూడో వైపు నా జీవితంలో నేను గీసిన బొమ్మలన్నిటిలోకీ మంచిది.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళిన వేళ బొమ్మను ఆమె బల్ల మీద పెట్టాను. గుల్ల ఇసుక రేణువంత, బొమ్మ చేతి పళ్ళెమంత. తెల్ల కాగితం మీద నల్ల గీతలు. వాటిని చూడటానికి ఆమె కళ్ళకు ఏ అడ్డూ లేదు. భూతద్దం తీసి ఆ మూలనుంచి ఈ మూలదాకా వెళ్ళింది. నోటి దగ్గర ఆగింది.

"ఇదేమిటి?"

"అంచు."

"ఇలా చిరుగులు చిరుగులుగా గీశావేం?"

"అలాగే ఉంది."

"నోటికి అంచు ఇలా ఉండదు." భూతద్దాన్ని ఇంకా దగ్గరకు తెచ్చింది. ఆమె పెదవులు కదులుతున్నాయి, ఏరేటప్పుడు గదులు లెక్కపెట్టుకునే అలవాటు ఉంది ఆమెకు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగేనా? దీనికి అయిదుండాలి."

"దేనికి?"

"దీనికే." భూతద్దం పక్కన పెట్టింది. "ఇది నోరు కాదు ఓస్మండ్. ఆఖరి గది ఊడిపోతే పడిన చిల్లు. తలుపు అనుకున్నాం, గోడ కూలింది. పైమట్టిలో దొరికేదే ఇది. ఆఖరి గది ఉల్లిపొరలా ఉంటుంది. జల్లెడలో ఇరుక్కున్నప్పుడు జగ్రూప్ బ్రష్ తగిలి పోయుంటుంది, మూడింటికీ. పంతొమ్మిదేళ్ళుగా ఏరుతున్నాను దీన్ని. పేరు కూడా ఉంది దీనికి. పాత పేరు."

ఆమె రెండు అరచేతులూ కళ్ళ మీద పెట్టుకుని, తీసింది.

"నీ బొమ్మలో చూడగలిగాను," అంది. "గుల్లలో చూడలేకపోయాను."

"ఇంకా ఎవరూ చూడలేదు."

"చూస్తారు. నీలం సంగతైతే దాచుకోగలను, అది నా కంటి సంగతి. విరిగినదాన్ని విరిగిందని తెలుసుకోలేక దానికి నా పేరు తగిలిస్తే? ఎక్కడో ఎవరో మైక్రోస్కోప్ ముందు కూర్చుని, 'ఏ గుడ్డిముండ ఏరిందిరా దీన్ని' అనదూ? నేనైతే అంటాను."

బొమ్మ చుట్టుకుని లేచింది. నేను వెంట నడిచాను. ముందు గదిలో డాక్టర్ ఉడకబెట్టిన గుడ్డు పెంకు తీసుకుంటున్నాడు. ఆయన పక్కన టైపు చేసిన పద్నాలుగు కాగితాలు. పై కాగితం మీద ఆమె పేరు, చివర 'ఎల్లా'తో.

"బొమ్మ పూర్తయిందా! కూర్చోండి మేడమ్."

"నిలబడే చెబుతాను డాక్టర్. కూర్చుంటే చెప్పలేను."

చెప్పింది. ముందు విరిగిన గది, తరవాత నీలం, చివరికి కళ్ళు. పలకను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి ఆయన తడిపి చూశాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచినప్పుడు మొహం మీద కోపం లేదు. వయసు కనిపించింది.

"జగ్రూప్ జల్లెడను సరిగా ముంచలేదా?"

"సరిగా ముంచాడు కాబట్టే నీలం పట్టింది. చూడాల్సింది నేను."

"నేను కూడా," అన్నాడు డాక్టర్. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఫిబ్రవరి నుంచి మీరు ఏరినవి ఎన్ని పలకలు?"

"నాలుగు వందల పన్నెండు."

ఆలోచించకుండా చెప్పింది. అంటే రోజూ లెక్క పెట్టుకుంటూనే ఉంది. ప్రతి సాయంత్రం ఇంటికి నా పక్కన నడుస్తూ, వాన గురించో, కూర గురించో మాట్లాడుతూ, లోపల ఒక అంకె చేర్చుకుంటూ ఉంది. నేను ఇన్నేళ్ళు మనసు గురించి చదివినదంతా ఆ అంకె ముందు చిన్నబోయింది.

డాక్టర్ టైపు కాగితాలను చించలేదు. సొరుగులో పెట్టి మూశాడు. "అన్నీ మళ్ళీ చూడాలి," అన్నాడు. "కొత్త మనిషి వచ్చేది డిసెంబరులో. మేనేజర్‌తో మాట్లాడి నవంబరు చివరిదాకా మిమ్మల్ని ఉంచుతాను. ఆ తరవాత నా చేతుల్లో లేదు, మేడమ్."

"తెలుసు," అంది ఫిలోమెన్.

అలా ఆగస్టు నుంచి ఆమె కుర్చీలో నేను, నా పక్కన స్టూలు మీద ఆమె. కళ్ళు నావి, తెలివి ఆమెది. ఒక్కొక్క పలకా తీసి, ఒక్కొక్క గుల్లనూ తడిపి, నీలం ఉందా లేదా చెప్పాలి. నీలం ఉన్నా, అనుమానం ఉన్నా, అది ఎలా ఉందో చెప్పాలి. పేరు ఆమె చెబుతుంది. మొదటి వారం నా వర్ణనలకు ఆమె చిరాకు పడేది.

"గుండ్రంగా ఉందంటే ఏమిటయ్యా? చందమామా గుండ్రమే, తాంతీ కాల్చిన రొట్టే గుండ్రమే. చుట్టు ఎన్ని తిరిగింది? గదులు ఉబ్బాయా, అణిగాయా?"

"కొంచెం ఉబ్బాయి."

"కొంచెం అనేది ఒక కొలతా? ఇన్నేళ్ళు ఏం గీశావు నువ్వు?"

జగ్రూప్ వేళాకోళం మానేశాడు. మమ్మల్ని చూస్తే తల వంచుకుని జల్లెడ తోమేవాడు. ఆమెను అన్నిటికన్నా బాధపెట్టింది అది. ఒకరోజు షెడ్డు దగ్గర ఆగి, "ఏం జగ్రూప్, జల్లెడతో పాటు నోరు కూడా కడిగేసుకున్నావా?" అని అడిగింది.

"కడిగినా శుభ్రపడదుగా తల్లీ," అన్నాడతను. ఆ మాటకు ఇద్దరూ నవ్వబోయి, మధ్యలో ఆగారు.

సెప్టెంబరు పోయింది. అక్టోబరులో తుఫాను గాలులు ఉత్తరంగా వెళ్ళిపోయాయి. మాకు ఒట్టి వాన మిగిలింది. ఇంట్లో నీలిమందు తాంతీ చేతికి వెళ్ళింది, ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. సాయంత్రం నా కళ్ళు మండేవి. పంతొమ్మిదేళ్ళు ఆమె కళ్ళు ఇలాగే మండి ఉంటాయని అప్పుడు తెలిసింది. తెలిసినంత మాత్రాన ఏమీ మారలేదు. నాలుగు వందల పలకల్లో నీలం అంటినవి ఇరవై తొమ్మిది దొరికాయి. డాక్టర్ ఆ అంకె విని, "ఇంతేనా!" అన్నాడు. ఆమె దాన్ని మెప్పుగా తీసుకోలేదు.

చివరి పలక నవంబరు ఆఖరి మంగళవారం మధ్యాహ్నం మిగిలింది. మార్చిలో ఏరినది. ముప్పై ఒక్క గుల్లలు. ఒక్కొక్కటీ తడుపుతూ పోయాను.

"నీలం లేదు. నీలం లేదు. లేదు."

ఆమె స్టూలు మీద గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని వింటోంది. ముప్పై అయ్యాయి.

"ఇంకొకటుంది. పలక అంచున ఒంటరిగా పెట్టావు."

"ఎందుకు పెట్టానో గుర్తులేదు. చెప్పు."

"నీలం లేదు. కాని ఇది వేరేలా ఉంది."

"వేరేలా అనకు. ఎలా ఉందో అను."

"రెండున్నర చుట్లు. చివరి చుట్టులో అయిదు గదులు, ఒకదాని కన్నా ఒకటి పెద్దవి. గోడ మీద సన్నటి రంధ్రాలు, ఒత్తుగా. నోరు వీపు వైపున ఉంది."

ఆమె కళ్ళు తెరిచింది.

"వీపు వైపునా? సరిగ్గా చూడు."

"వీపు వైపునే."

"అంచు?"

"నున్నగా ఉంది. పెదవి మడిచినట్టుంది."

"విరగలేదు?"

"విరగలేదు."

"బొడ్డులో?"

పలకను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళాను. మరో నీటిబొట్టు వేసి, ఎండలో అటూ ఇటూ తిప్పాను. గుల్ల లోపలంతా తెల్లగా, ఏ మరకా లేకుండా ఉంది.

"ఏమీ లేదు ఫిలో."

నేను పేరు కోసం ఎదురుచూశాను. నాలుగు నెలలుగా నేను ఆగిన చోటల్లా ఆమె పేరు అందించింది. ఈసారి పేరు రాలేదు. ఆమె వేళ్ళు ఒళ్ళో కదులుతున్నాయి, ఒకటి నుంచి అయిదు వరకు, మళ్ళీ మొదటి నుంచి.

"ఇది నాకు తెలియదు," అంది.

పంతొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు.

పక్క గదిలో డాక్టర్ దగ్గుతున్నాడు. పిలిస్తే వినిపించేంత దూరం. నేను లేవబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ముందు రాసుకో," అంది.

చిట్టా తెరిచి కలం తీశాను. ఆమె నిటారుగా కూర్చుంది. ఒక్కొక్క మాటా తూచి, డాక్టర్ టైపు చేయించే భాషలో, తడబడకుండా చెప్పింది: "గుల్ల సున్నపుది. చుట్టు తిరిగినది. రెండున్నర చుట్లు. చివరి చుట్టులో గదులు అయిదు, క్రమంగా పెరిగేవి. గోడ సన్నటి రంధ్రాలతో నిండినది. నోరు వీపు వైపున, పెదవి కలది. అంచు పూర్తిగా ఉన్నది. రంగు అంటలేదు."

రాశాను. తడి ఆరేదాకా ఆగి, పై గడి చూపించి అడిగాను.

"పేరు?"

"ఖాళీ వదిలెయ్," అంది ఫిలోమెన్.

వదిలేశాను.